ట్రాలీకి ట్రాక్టర్ కొనేటప్పుడు లాగే బలం కన్నా ముందు ఆపే బలం చూడండి



ఈ మధ్య మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు తమ్ముళ్లు చాలా మంది ఒక్కటే మాట అడుగుతున్నరు. "అన్నా, ట్రాలీకి ఏ ట్రాక్టర్ మంచిగుంటది? ఎన్ని హెచ్‌పీ తీసుకోవాలె?" జీఎస్టీ తగ్గినప్పటి సంది ఈ అడుగుడు ఇంకింత ఎక్కువైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది కదా. పన్ను కలపక ముందు 7 లక్షలున్న బండి మీద 49 వేలు మిగిలినట్టు లెక్క. ఆ 49 వేలు ఎక్కడ పెట్టాలెనో చివర్ల చెప్త, యాది పెట్టుకోండి.

ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పుడు కన్నా ఒక్కసారి రాస్తే అందరికీ పనికొస్తదని రాస్తున్న. కొంచెం పొడుగైతది. చాయ్ తాగుకుంట చదవండి.

ముందుగాల ఒక రేసు కారు ముచ్చట. ట్రాక్టర్ గురించి అడిగితే రేసు కారు ఎందుకు అనకండి, పని ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌ల హుస్సేన్ సాగర్ పక్క రోడ్ల మీద ఫార్ములా ఈ రేసు జరిగింది, టీవీల చూసే ఉంటరు. ఆ కారు బరువు డ్రైవర్‌తో కలిపి 850 కిలోల చుట్టే. అంటే మన 21 బస్తాల వడ్లంత. అసలు రేసు కార్లను మామూలు రోడ్ల మీద నడపరు. బయటి దేశాల్ల సొంతంగ పందేలకు పోయే చిన్న మనుషులు తమ కారును ఒక ట్రైలర్ మీద ఎక్కించి, ఇంకో బండికి తగిలించి లాక్కపోతరు. ఆ లాగే బండిని ఎట్ల ఎంచుకుంటరో తెలుసుకుంటే మనకు చాలా సంగతి అర్థమైతది.

వాళ్లు ఇంజన్ ఎంత బలంగుందని ఒక్కటే అడిగి ఊరుకోరు. లాగే బండి వట్టి బరువు ఎంత? వెనుక పడే బరువు ఎంత? ట్రైలర్‌కు సొంత బ్రేకు ఉందా? కొక్కెం మీద ఎంత బరువు ఆనుతది? ఈ లెక్కలు తేలినంకనే బండి కొంటరు. బ్రిటన్‌ల కాయిదా ఏందంటే, బ్రేకు లేని ట్రైలర్ సరుకుతో కలిపి 750 కిలోలు దాటొద్దు. అది కూడా లాగే బండి బరువుల సగం దాటొద్దు. ఈ రెండిట్ల ఏది తక్కువైతే అదే లెక్క. దాటిందంటే ట్రైలర్‌కు బ్రేకు ఉండాల్సిందే.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. ఐకేపీ సెంటర్ల బస్తా 40 కిలోలు. ట్రాలీల 150 బస్తాలు వేసినమనుకోండి, 6,000 కిలోలు. వట్టి ట్రాలీ ఒక టన్నున్నర అనుకుంటే వెనుక మొత్తం ఏడున్నర టన్నులు. ముందు ఏముంది? 45 నుంచి 50 హెచ్‌పీ ట్రాక్టర్ వట్టి బరువు 1,800 నుంచి 2,200 కిలోల మధ్యల ఉంటది. అంటే రెండు టన్నుల బండి ఏడున్నర టన్నులను పట్టుకోని పోతున్నది. మన ఊర్లల్ల ఎక్కువ ట్రాలీలకు బ్రేకు ఉండదు. ఆ తొమ్మిదిన్నర టన్నులను ఆపేది ట్రాక్టర్ వెనుక టైర్లు రెండే. అక్కడ 850 కిలోల కారుకు అంత లెక్క చేస్తరు. ఇక్కడ మనం ఒక పిన్ను గుచ్చి బయలెల్తున్నం.

ఇట్లంటే "మనం పోయేది మెల్లగనే కదా" అంటరు. నిజమే. కానీ స్పీడు డబుల్ అయితే ఆపాల్సిన బలం డబుల్ కాదు, నాలుగింతలైతది. 15 స్పీడుల ఆగిన ట్రాలీ 30 స్పీడుల అదే జాగల ఆగదు. రోడ్డు తడిసినా, దిగుడున్నా ఇంకా ముందుకు పోతది. గట్టిగ బ్రేకు తొక్కితే వెనుక ట్రాలీ తోసుకొచ్చి ట్రాక్టర్‌ను అడ్డం తిప్పుతది. అక్కడ హెచ్‌పీ ఏం పని చెయ్యది. హెచ్‌పీ లాగేతందుకు, ఆపేతందుకు కాదు.

మా నాయిన ఎద్దులు కొనేటప్పుడు అంగట్ల ఒక మాట అంటుండె. "ఎక్కుడు ఏ ఎద్దయినా ఎక్కుతది, దిగుడుల బండిని పట్టే ఎద్దు కావాలె." బరువు బండి కట్టి దిగుడుల తోలితే కొన్ని ఎద్దులు బండి తోపుకు ఉరుకుతయి. కొన్ని మెడ గట్టిగ పెట్టి వెనుకకు ఆనుకుంట దిగుతయి. ధర రెండోదానికే. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చినయి కానీ ఆ దిగుడు మాత్రం అట్లనే ఉన్నది. షోరూంకు పోయినప్పుడు ఆ ప్రశ్న మర్చిపోతున్నం, అంతే.

పోయినేడు మా తమ్ముని కొడుక్కు ట్రాక్టర్ చూస్తందుకు నేను కూడా పోయిన. పిలగాడు "పెద్దనాయినా, 39 హెచ్‌పీది చాలు, తక్కువకొస్తది, ట్రాలీ మాత్రం పెద్దది తీసుకుందాం" అన్నడు. వాని లెక్క వానిది. రెండు ట్రిప్పులు ఒక్క ట్రిప్పుల అయితే డీజిల్ మిగుల్తది. ఒక షోరూంల అడిగితే అక్కడి మనిషి పికప్ గురించి, మైలేజ్ గురించి, ఈఎంఐ గురించి మంచిగ చెప్పిండు. "ఎంత బరువు ట్రాలీ కట్టొచ్చు?" అంటే "ఎంతైనా గుంజుతది సార్" అన్నడు. నేను పిలగాన్ని పక్కకు పిలిచి ఒక్కటే అడిగిన: "గుంజుతది సరే బిడ్డా, నీళ్ల ట్యాంకి కాడి దిగుడుల మేకలు అడ్డమొస్తే ఆగుతదా?" వాడు కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. ఆఖరుకు 45 హెచ్‌పీది, ఆయిల్ బ్రేకులున్నది తీసుకున్నం. పెద్ద ట్రాలీ ముచ్చట విడిచిపెట్టినం.

ఇగ కొనేటప్పుడు ఏం చూడాలెనో వరుసగ చెప్త.

మొదటిది, మీ బరువు ఏందో తెలుసుకోండి. వడ్లయితే చిన్న జాగల ఎక్కువ బరువు. పత్తి అయితే బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. మిర్చి బస్తాలు రెండిటి నడుమ. వరి గడ్డి కట్టలు కూడా పత్తి లెక్కనే, ఎత్తు పెరిగి మలుపుల ఒరుగుతయి. అంచనా మీద పోకుండ ఒక్కసారి ట్రాలీ నింపి ధర్మకాంట మీదికి ఎక్కించండి. కాంట పైసలు ఎక్కువ కావు. ఆ నంబరు చూస్తే చాలా మందికి ఆశ్చర్యమైతది.

రెండోది, ట్రాక్టర్ బరువు. ట్రాలీకైతే ఒకే హెచ్‌పీల రెండు కంపెనీల బండ్లుంటే ఎక్కువ బరువున్నది మేలు. బరువుంటెనే టైరు నేలను పడ్తది, టైరు పడితెనే బ్రేకు పని చేస్తది. కంపెనీ ఇచ్చే పుస్తకంల ఎంత బరువు లాగొచ్చో చూడండి. నోటి మాట వద్దు, రాసింది చూపియ్యుమనండి.

మూడోది, బ్రేకులు. ఆయిల్ల మునిగి ఉండే బ్రేకులు బురదకు, నీళ్లకు పాడు కావు, వేడి కూడ తట్టుకుంటయి. పొలంల దిగిన బండినే రోడ్డెక్కిస్తం కాబట్టి మనకు అవే నయం. ఇంకో ముఖ్యమైన సంగతి. ట్రాక్టర్‌కు ఎడమ టైరుకో పెడలు, కుడి టైరుకో పెడలు ఉంటది. పొలంల మలిపేతందుకు వేర్వేరుగ తొక్కుతం. రోడ్డెక్కే ముందు ఆ రెంటిని కలిపే లాక్ వెయ్యాలె. వెయ్యకుంటే అదాటున బ్రేకు తొక్కినప్పుడు ఒక్క టైరే పట్టుకోని బండి తిరిగిపోతది. వెనుక బరువు ట్రాలీ ఉంటే బోల్తానే.

నాలుగోది, ట్రాలీ కట్టే కొక్కెం. కంపెనీ ఇచ్చిన కింది కొక్కానికే కట్టాలె. పైన టాప్ లింక్ కాడ తాడో గొలుసో కట్టి గుంజితే ముందు టైర్లు లేచి బండి వెనుకకు తిరగబడ్తది. పిన్ను మందంది ఉండాలె, కింద క్లిప్పు ఉండాలె. క్లిప్పు పోతే తీగ చుట్టుడు వద్దు. పిన్ను ఊడినా ట్రాలీ విడిపోకుండ ఒక గొలుసు కట్టుకోండి.

ఐదోది, బరువు పేర్చుడు. రెండు టైర్ల ట్రాలీల బరువంతా వెనుకకు వేస్తే కొక్కెం పైకి లేచి ట్రాక్టర్ వెనుక టైర్లు తేలికైతయి, బ్రేకు జారుతది. మరీ ముందుకు వేస్తే ట్రాక్టర్ ముందు టైర్లు తేలికై స్టీరింగ్ మాట వినది. టైర్ల మీద సమంగ పేర్చి, కొంచెమే ముందుకు ఉండాలె. రేసు కారును ట్రైలర్ మీద ఎక్కించేటోళ్లు కూడా కారును ఇంత ముందుకు, అంత వెనుకకు జరిపి ఇదే చూస్తరు. మొత్తం బరువుల పదో వంతు, కొంచెం అటిటు, కొక్కెం మీద ఆనాలెనని వాళ్ల లెక్క.

ఇప్పుడు మన మూడు జిల్లాల సంగతి.

జనగామ దిక్కు చెల్క భూములు ఎక్కువ. దేవాదుల నీళ్లొచ్చిన కాడ వరి పెరిగింది, వడ్ల ట్రాలీలు పెరిగినయి. ఊరి నుంచి సెంటర్ దాక దూరం తక్కువే, కానీ నడుమ వరంగల్–హైదరాబాద్ హైవేనో, సూర్యాపేట–సిద్దిపేట రోడ్డో ఎక్కాలె, లేకుంటే దాటాలె. కార్లు వంద స్పీడుల వచ్చే రోడ్డు అది. అక్కడ 45 హెచ్‌పీ సరిపోతది. ట్రాలీకి వెనుక ఎర్ర లైట్లు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు లేకుంటే మాత్రం రాత్రి పూట రోడ్డెక్కొద్దు.

మహబూబాబాద్ దిక్కు మిర్చి, పత్తి. కేసముద్రం మార్కెట్‌కో, మానుకోట మార్కెట్‌కో పోయేటోళ్లకు ట్రాలీ బాగనే ఉంటది. గూడూరు, కొత్తగూడ అడవి దారుల మలుపులు, ఎత్తుపల్లాలు ఎక్కువ. దిగుడుల డీజిల్ మిగుల్తదని న్యూట్రల్ చేసి వదిలేటోళ్లను చూస్తున్న. అట్ల చెయ్యొద్దు తమ్మీ. ఏ గేర్ల ఎక్కినవో ఆ గేర్లనే దిగాలె, ఇంజనే సగం బ్రేకు.

భూపాలపల్లి దిక్కు రేగడి భూములున్న కాడ ఫోర్ వీల్ డ్రైవ్, 50 హెచ్‌పీ అక్కరకొస్తది. కానీ రోడ్డు మీద సింగరేణి బొగ్గు లారీలు, గోదారి ఇసుక లారీలు. వాటి నడుమ నిండు ట్రాలీతోని పోవుడంటే పానం అరచేతుల పెట్టుకున్నట్టే. భూపాలపల్లి నుంచి ఎనుమాముల మార్కెట్ దగ్గర దగ్గర 70 కిలోమీటర్లు. 20–25 స్పీడుల మూడు గంటలు పోవాలె, మళ్లా రావాలె. అంత దూరానికి నలుగురు రైతులు కలిసి డీసీఎం మాట్లాడుకోండి. దానికి అన్ని టైర్లకూ బ్రేకులుంటయి, బరువు మోసేతందుకే చేసిన బండి. ట్రాక్టర్ అరుగుడు, డీజిల్, డ్రైవర్ కూలి, ఒక దినం పోవుడు అన్నీ లెక్కేస్తే కిరాయి భారం కాదు. లాగే బండిని ఎంచుకునుడంటే కొన్నిసార్లు ట్రాక్టర్‌ను ఇంటికాడ పెట్టుడు కూడా.

ఇగ చెప్పాల్సింది ఇంకోటి ఉన్నది, రాయాలంటే చెయ్యి ఆడుతలేదు. 2018 ఏప్రిల్‌ల నల్లగొండ జిల్లా వద్దిపట్ల కాడ కూలీల ట్రాక్టర్ ఏఎంఆర్‌పీ కాలువల పడి 9 మంది పోయిండ్రు. అదే ఏడు జూన్‌ల మన జనగామ పక్కనే, యాదాద్రి జిల్లా వేములకొండ కాడ ఇంకో ట్రాక్టర్ మూసీ కాలువల పడి 15 మంది పోయిండ్రు. అందరూ కూలికి పోయే మనసొంటోళ్లే, ఎక్కువ మంది ఆడోళ్లు. ట్రాక్టర్ కాగితం తీసి చూడండి, సీటు ఒక్కటే, డ్రైవర్‌ది. ట్రాలీ వడ్లకు, ఎరువుకు చేసింది. బస్తా కింద పడితే మళ్లా ఎత్తుకుంటం. పత్తి ఏరేతందుకు వచ్చే అక్కచెల్లెండ్లను ట్రాలీల ఎక్కించేటప్పుడు వాళ్ల ఇంటికాడ ఎవరు ఎదురు చూస్తున్నరో ఒక్కసారి యాది చేసుకోండి. ప్యాసింజర్ ఆటో కిరాయి మీరే పెట్టుకోండి. కూలీలు దొర్కని ఈ రోజుల్ల మంచిగ చూసుకునే రైతు చేనుకే ముందు వస్తరు, ఇది మీకు కూడా తెలుసు.

ఆఖరుకు ఆ 49 వేల ముచ్చట. కొత్త ట్రాక్టర్ రాంగనే పాటల బాక్సులు, రంగు లైట్లు, ముందు పేరు రాయించుడు, అన్నీ చేస్తరు. చేసుకోండి, ముచ్చట పడి కొన్నదే కదా. కానీ అంతకన్నా ముందు ఆ పైసలు ట్రాలీ మీద పెట్టండి. ఎయిర్ బ్రేకు, హైడ్రాలిక్ బ్రేకు ఉన్న ట్రాలీలు మన దేశంలనే తయారైతున్నయి. కొత్త ట్రాలీ చేయించేటప్పుడే బ్రేకు అడగండి. పాతదైతే మంచి మెకానిక్‌కు చూపించి అయితదా కాదా కనుక్కోండి. బ్రేకు అయ్యే దాక 150 బస్తాల కాడ 100 వెయ్యండి, ఇంకో ట్రిప్పు కొట్టండి. ఒక ట్రిప్పు డీజిల్‌తోని ఏ రైతు మునిగిపోలేదు.

రేపు పొద్దుగాల బండి తీసే ముందు మూడు చూడండి: పిన్నుకు క్లిప్పు, పెడళ్లకు లాక్, వెనుక ఎర్ర లైటు. మీ ఇంట్ల బండి నడిపే పిలగానికి కూడా చూపియ్యండి. మీ ట్రాలీకి బ్రేకు ఉంటే ఎక్కడ చేయించిండ్రు, ఎంత ఖర్చయింది, ఇక్కడ రాయండి. పక్క ఊరి రైతుకు పనికొస్తది.

ఉంట మరి. పైలం.