రంపం బేరం

దేవుడి మందిరం గరాజులో నేనే చేస్తానన్నాను. మా ఆవిడ ఆపరేషన్లు చేసే డాక్టరు. "చెయ్యండి గాని, పది వేళ్ళూ ఉంచుకోండి" అంది. మా ఊరి వడ్రంగి చెక్కను కాలితో తొక్కిపట్టి, బొటనవేలి పక్కనే రంపం ఆడించేవాడు. మనకా ఒడుపేదీ?

టేబుల్ సా కొనబోయి ముందు హార్స్‌పవరు చూశాను. తప్పు. మూడు హార్స్‌పవరుదానికి 240 వోల్టులు కావాలి. మా గరాజులో ఉన్నది 120. ప్లైవుడ్డుకు ఒకటిన్నర చాలు. చూడవలసింది ఫెన్సు. అది బ్లేడుకు సమానంగా నిలవకపోతే చెక్క బిగుసుకుని మన పొట్టమీదికే ఎగురుతుంది. బ్లేడు వెనక ఉండే రైవింగ్ నైఫ్ ఆ ప్రమాదాన్ని చాలావరకు తప్పిస్తుంది. వేలిని మాత్రం కాయదు.

2004లో అమ్మకానికొచ్చిన సాస్టాప్ రంపం వేలినీ కాస్తుంది. బ్లేడులో సన్నని విద్యుత్ సంకేతం పారుతుంటుంది. ఒళ్ళు తగిలితే అది మారి, అయిదు మిల్లీసెకన్లలోపే అల్యూమినియం దిమ్మ పళ్ళలో దిగి బ్లేడును ఆపేస్తుంది. దిమ్మ పోతుంది, సాధారణంగా బ్లేడూ పోతుంది. బాగా తడిసిన చెక్క తగిలినా ఇదే ఖర్చు పడవచ్చు. ధర విని నేను వెనక్కి తగ్గాను. మా ఆవిడ మారు మాట్లాడకుండా చెక్కుబుక్కు తీసింది.

మందిరం నిలబడింది. ఎడమ తలుపు మాత్రం ఇంకా సరిగా పడటం లేదు.