ఆటే అన్నం పెడితే

"ఆటలు అన్నం పెడతాయా?" అన్న మాట వినకుండా మన ఇళ్లలో పెరిగినవాళ్లు అరుదు. క్రికెట్టో చదరంగమో ఆడే పిల్లలైతే జవాబుగా నలుగురు ఆటగాళ్ల పేర్లు చెప్పగలరు. కానీ అసలు గెలుపోటములే లేని ఆట ఒకటుంది. నలుగురైదుగురు స్నేహితులు బల్ల చుట్టూ చేరతారు. కాగితాలు, పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచికలు ముందు పెట్టుకుంటారు. తలా ఒక పాత్ర తీసుకుని, మాటలతోనే గంటల తరబడి ఒక కథ నడుపుతారు. ఆ కథాలోకం బాధ్యత ఒకరిది. కోట గుమ్మం ఎలా ఉందో, లోపలి నుంచి ఏ చప్పుడు వస్తోందో చెప్పి, "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగేది ఆ మనిషే. ఎవరు ఏం చేస్తానన్నా పాచిక వేయించి, పడిన అంకెను బట్టి కథను ముందుకు తీసుకెళ్లాలి. దీన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. నడిపే మనిషి గేమ్ మాస్టర్. ఉద్యోగం వదిలేసి, ఈ పనితోనే ఇల్లు గడుపుకుంటున్నవాళ్లు ఇవాళ ఉన్నారు. వాళ్లంటే నాకు చాలా గౌరవం. ఆ దారి పట్టాలనుకునేవాళ్లు తెలుసుకోవలసిన సంగతులు ఆ దారి వేసినవాళ్ల కథలోనే ఉన్నాయి.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరుంది. గ్యారీ గైగాక్స్ ఆ ఊరివాడు. షికాగోలో ఒక బీమా కంపెనీలో పనిచేసేవాడు. బొమ్మ సైనికులను బల్ల మీద మోహరించి ఆడే యుద్ధాల ఆటలంటే అతనికి ప్రాణం. 1968లో ఊళ్లోని హార్టికల్చరల్ హాలు అద్దెకు తీసుకుని, తనలాంటివాళ్లందరినీ పిలిచి ఆటల జాతర జరిపాడు. జెన్ కాన్ పేరుతో అది నేటికీ సాగుతోంది. 1970లో అతని ఉద్యోగం పోయింది. ఇంట్లో ఐదుగురు పిల్లలు. బూట్లు బాగుచేసే పని పెట్టుకున్నాడు. ఆటల నియమాలు రాయడం మాత్రం మానలేదు.

ఆ రోజుల్లోనే మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో డేవ్ ఆర్నెసన్ అనే కుర్రాడు బ్లాక్‌మూర్ అనే ఊహాలోకంలో తన మిత్రులను ఆడిస్తున్నాడు. అక్కడ సైన్యాలు నడపడం లేదు, ఒక్కో ఆటగాడికి ఒక్కో మనిషి. ఆ మనిషి బతికి ఉంటే వచ్చేవారం కథ అక్కడి నుంచే మొదలవుతుంది. ఆర్నెసన్ 1972 చివర్లో లేక్ జెనీవా వచ్చి ఈ ఆటను గైగాక్స్‌కు ఆడించి చూపించాడు. గైగాక్స్ పట్టుబట్టి దానికి నియమాలు రాశాడు. వేసే ప్రచురణకర్త దొరక్కపోతే 1973 అక్టోబరులో చిన్ననాటి స్నేహితుడు డాన్ కేయ్‌తో కలిసి టీఎస్ఆర్ అనే సంస్థ పెట్టాడు. కేయ్ తన జీవిత బీమా మీద అప్పు తెచ్చాడు. బ్రయన్ బ్లూమ్ అనే మరో ఆటగాడు భాగస్తుడిగా చేరి డబ్బు పెట్టాడు. 1974 జనవరిలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వచ్చింది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెల 10 డాలర్లు. మొదట వేసింది 1,000 ప్రతులే. పుస్తకాలు పెట్టెల్లో సర్దింది కూడా వాళ్లే.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ పెట్టెలో వాళ్లు అమ్మిందేమిటి? గైగాక్స్ ఇంట్లో రాత్రిపూట పుట్టిన నవ్వులనూ భయాలనూ అమ్మడం ఎవరి తరమూ కాదు. తమను ఎన్నడూ చూడని మనిషి, ఎక్కడో దూరాన, తన స్నేహితులను కూర్చోబెట్టుకుని తనంతట తాను ఆట నడుపుకునే వీలును వాళ్లు అమ్మారు. నేను చెప్పదలచిన మాట ఇదే. ఆడటం మీద ఎంత ప్రేమ ఉన్నా అది అన్నం పెట్టదు. ఆడించడం మీద ప్రేమ ఉంటే పెట్టవచ్చు. తన పాత్ర గెలిచినప్పటికన్నా ఎదుటివాడి కళ్లు మెరిసినప్పుడు ఎక్కువ సంతోషించేవాడికే ఈ వృత్తి దక్కుతుంది.

ఇవాళ డబ్బు తీసుకుని ఆట నడిపే గేమ్ మాస్టర్లను చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఐదుగురు తలా 20 డాలర్లు ఇచ్చి మూడు నాలుగు గంటలు ఆడారనుకుందాం. వంద డాలర్లు వచ్చినట్టే కనిపిస్తుంది. అందులో ఆటగాళ్లను కుదిర్చిన వేదిక వాటా పోవాలి, పన్ను పోవాలి. పటాలు గీసుకోవడం, పాత్రలు సిద్ధం చేసుకోవడం, ఐదుగురికీ కుదిరే వేళ కోసం సందేశాలు పంపుతూ కూర్చోవడం, వీటికి విడిగా ఎవరూ డబ్బివ్వరు. అమెరికాలో ఉద్యోగం వదిలితే చాలామందికి దానితోపాటే ఆరోగ్య బీమా కూడా పోతుంది. అయినా ఈ పని చేస్తున్నవాళ్లు మొదటి ఆటకు ముందే అందరినీ కూర్చోబెట్టి, ఎలాంటి కథ కావాలో, ఏ విషయాలు బల్ల మీదికి రాకూడదో అడిగి తెలుసుకుంటారు. దాన్ని సెషన్ జీరో అంటారు. మొహమాటస్తుడికి మాట అందించడం, దూకుడుగా ఉన్నవాడిని నొప్పించకుండా ఆపడం, అలసి వచ్చినవాడికి కథలో చిన్న విజయం దక్కేలా చూడటం కూడా ఆ పనిలో భాగమే. మనుషులను ఇంత శ్రద్ధగా గమనించడం ఏ కొలువులోనైనా పెద్ద పనే. దానికి జీతం అడగడంలో చిన్నతనమేమీ లేదు.

రాతతో బతికేవాళ్లూ ఉన్నారు. ఈ రంగంలో చాలామంది రచయితలకు మాటకు ఇన్ని సెంట్లని లెక్కగట్టి ఇస్తారు. ఇంటి అద్దె కట్టాలంటే ఎన్ని వేల మాటలు రాయాలో ఎవరైనా ఊహించుకోవచ్చు. కొందరు సొంత పుస్తకాలకు పాఠకుల నుంచే ముందుగా చందాలు పోగుచేస్తారు. ఈ బాటలో అందరికీ తెలిసిన పేరు క్రిటికల్ రోల్. యానిమేషన్‌కూ వీడియో గేమ్‌లకూ గొంతు అరువిచ్చే కొందరు నటులు ఒక మిత్రుడి పుట్టినరోజుకని సరదాగా ఇంట్లో ఆడుకున్నారు. 2015 నుంచి ఆ ఆటను ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. 2019లో తమ కథను యానిమేషన్‌గా తీయడానికి చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ వేదికలో ఏడున్నర లక్షల డాలర్లు అడిగితే కోటీ 13 లక్షలకు పైగా వచ్చాయి. ఈ అంకె చూసి ఉద్యోగం మానేయాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వాళ్లు అప్పటికే నటనలో చేయి తిరిగినవాళ్లు. అప్పట్లో వాళ్ల ఆట నడిపిన గేమ్ మాస్టర్ మాథ్యూ మెర్సర్‌తో సహా అందరికీ గొంతే వృత్తి. ఏళ్ల తరబడి చేసిన ఆ సాధనే వాళ్ల పెట్టుబడి.

ఇక హక్కుల సంగతి. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' మూల నియమాలను వాడుకుని ఎవరైనా సొంత పుస్తకాలు వేసుకోవచ్చని 2000లో ఆ ఆట యజమాని సంస్థ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఒక బహిరంగ లైసెన్సు ఇచ్చింది. దాని మీద ఎన్నో చిన్న సంస్థలు నిలబడ్డాయి. 2023 జనవరిలో ఆ లైసెన్సు మార్చబోతున్నారని బయటపడగానే వాటన్నిటి గుండెల్లో రాయి పడింది. ఆటగాళ్లంతా ఒక్కటై ఎదురుతిరిగారు. నెల తిరక్కుండానే సంస్థ వెనక్కి తగ్గి, మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద అందరికీ వదిలేసింది. కథ సుఖాంతమే. కౌలు భూమిలో ఎంత మంచి పంట పండించినా పట్టా ఎవరి పేరున ఉందో రైతు మరిచిపోకూడదు. ఈ రంగంలోనూ అంతే. ఎంత చిన్నదైనా సొంత లోకం, సొంత నియమం, సొంత పేరు ఒకటి పెంచుకుంటూ రావాలి.

స్నేహితులతో కలిసి మొదలుపెట్టేవాళ్లకు మరో మాట. బల్ల దగ్గర ఊహ ఎవరిదని ఎవరూ అడగరు. ఒకరి మాటను ఇంకొకరు అందుకుంటేనే కథ. సంస్థ పెట్టాక ఆ లెక్క తప్పదు. డాన్ కేయ్ 1975 జనవరిలో గుండెపోటుతో చనిపోయాడు. ముప్పై ఆరేళ్లకే. తనకు రావలసిన రాయల్టీ కోసం ఆర్నెసన్ 1979లో కోర్టుకెక్కాడు. 1981లో రాజీ కుదిరింది. 1985లో గైగాక్స్ తాను పెట్టిన సంస్థ మీదే పట్టు పోగొట్టుకున్నాడు. 1997లో టీఎస్ఆర్‌ను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొన్నది. రెండేళ్లకు ఆ కొన్నవాళ్లను బొమ్మల సంస్థ హాస్‌బ్రో కొన్నది. మొదటి పుస్తకం మీద పక్కపక్కన పేర్లున్న గైగాక్స్, ఆర్నెసన్ ఇద్దరూ న్యాయవాదుల ద్వారా మాట్లాడుకోవలసి రావడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. అందుకే ఎవరి వాటా ఎంతో, ఎవరైనా వెళ్లిపోతే ఏమిటో, ఎవరైనా లేకపోతే ఏమిటో మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం స్నేహానికి అవమానం కాదు, రక్ష.

అలసట సంగతి కూడా చెప్పాలి. వారమంతా పనిచేసి శనివారం రాత్రి మిత్రులకు ఆట నడిపేవాడికి ఆ ఆటే విశ్రాంతి. అదే వృత్తి అయినవాడు మనసు బాగోలేని రోజున కూడా రాక్షసుడి గొంతుతో గర్జించాలి, సత్రం యజమానిలా నవ్వాలి. అందుకని డబ్బుతో సంబంధం లేని బల్ల ఒకటి విడిగా ఉంచుకోవాలంటాను. గైగాక్స్ సంస్థ పోయాక కూడా రాశాడు. 2008 మార్చిలో కన్నుమూయడానికి కొన్ని వారాల ముందు వరకు ఇంట్లో వారంవారం ఆట నడిపాడు. చేతి నుంచి జారిపోయింది సంస్థే, ఆడించే ప్రేమ జారలేదు. అది ఉంది గనుకే ఆ సంస్థ పుట్టింది కూడా.

కాబట్టి ఇంట్లో ఎవరైనా అబ్బాయో అమ్మాయో ఈ ఆటనే బతుకుతెరువు చేసుకుంటానంటే, అన్నం పెడుతుందా అని అడిగి ఊరుకోకండి. ముక్కూమొహం తెలియని ఐదుగురిని కూర్చోబెట్టి, నాలుగు గంటలపాటు ఒకరి మాట ఒకరు వినేలా చేయగలవా అని అడగండి. పద్దులు రాయగలవా, ఒప్పందం పూర్తిగా చదవగలవా, మొదటి రెండేళ్లకు సరిపడా పక్కన పెట్టుకున్నావా అని అడగండి. వీటన్నిటికీ అవుననేదాకా ఉద్యోగం చేస్తూనే ఆడించమనండి. అవునన్న రోజున మాత్రం అడ్డుపడకండి. ఎవరి ఫోనులో వాళ్లు మునిగిపోతున్న ఈ రోజుల్లో, నలుగురిని ఒక బల్ల చుట్టూ చేర్చి కలిసి ఊహించేలా చేసేవాళ్లు లోకానికి కావాలి. వాళ్ల బతుకు బాగుండేలా నాలుగు డబ్బులు ఇవ్వడం ఆ బల్ల దగ్గర సంతోషపడిన మనందరి బాధ్యత.