అతుకుల బొంత... ఆ ఊరికి బతుకు!

నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే 'అతుకుల బొంత' అని తీసిపారేస్తాం. కానీ అమెరికాలోని ఓ చిన్న పల్లెకి అతుకుల బొంతే అన్నం పెట్టింది, పేరు తెచ్చింది. అక్కడి ఆడవాళ్లు చిరిగిన ప్యాంట్లతో కుట్టిన బొంతలు మ్యూజియాల గోడలెక్కాయి, తపాలా బిళ్లల మీదా మెరిశాయి. ఆ ఊరే... జీస్ బెండ్!

మూడు వైపులా నీళ్లే

అలబామా రాష్ట్రంలోని విల్‌కాక్స్ కౌంటీలో అలబామా నది పెద్ద మెలిక తిరుగుతుంది. ఆ మెలిక మధ్యలో ఉంటుందీ ఊరు. రికార్డుల్లో పేరు బాయ్‌కిన్. మూడు పక్కలా నది, మిగిలిన వైపు ఒక్కటే రోడ్డు. 1816లో జోసెఫ్ జీ అనే ఆసామి ఇక్కడ పత్తితోట వేశాడు. 1845లో అది మార్క్ పెట్వే అనే బంధువు చేతికొచ్చింది. ఆ మరుసటి ఏడాది అతను నార్త్ కరొలినా నుంచి దాదాపు వందమంది నల్లజాతి బానిసల్ని కాలినడకన ఇక్కడికి తీసుకొచ్చాడు. బానిసత్వం పోయినా వాళ్లు ఊరు వదల్లేదు. యజమాని ఇంటిపేరే వాళ్లకీ ఉండిపోయింది. అందుకే ఇప్పటికీ ఊళ్లో ఎవరిని పలకరించినా... పెట్వేలే ఎక్కువ!

అన్నీ ఊడ్చుకుపోయినా...

1932లో ఈ ఊరికి పెద్ద కష్టమే వచ్చింది. రైతులకి అప్పులిచ్చే షావుకారు చనిపోతే, బాకీల కింద అతని కుటుంబం అన్నీ జప్తు చేయించింది. నాగళ్లు, పశువులు, విత్తనాలు, చివరికి తినే తిండి గింజలు కూడా పోయాయి. ఆ చలికాలం రెడ్‌క్రాస్ పంపిన సరుకులతో ప్రాణాలు నిలబెట్టుకున్నారు. తర్వాత ప్రభుత్వం భూమి కొని, ఇళ్లు కట్టించి, తక్కువ వడ్డీకి వాళ్లకే అమ్మింది. అలా మళ్లీ మొదలైంది జీవితం.

గోడల సందుల్లోంచి చలిగాలి కొట్టే ఇళ్లలో పిల్లల్ని కాపాడింది బొంతలే. పొలంలో వేసుకుని చిరిగిపోయిన ప్యాంట్లు, పిండి సంచులు, పాత గౌన్లు... ఏదీ పారేసేవారు కాదు. జిన్నింగు మిల్లులో నేలమీద రాలిన దూదిని తెచ్చి, కర్రలతో కొట్టి లోపల పరిచేవారు.

పైన అతికే గుడ్డ ఎవరిది వాళ్లే ఒంటరిగా, తమకి నచ్చినట్టు కుట్టుకునేవారు. ఏ రంగు పక్కన ఏది వేయాలన్నది ఆమె ఇష్టం. కానీ దూది పరిచి, కింద మరో గుడ్డ పెట్టి, మూడూ కలిపి కుట్టడానికి మాత్రం ఇరుగుపొరుగు అందరూ వచ్చేవారు. చట్రం చుట్టూ కూర్చుని పాటలు, ప్రార్థనలు, ఇంటి కష్టసుఖాలు! ఇవాళ ఈమె ఇంట్లో, రేపు ఆమె ఇంట్లో. ఒకరి బొంతలో నలుగురి కుట్లు ఉండేవి.

ఆ ఊరి బొంతల్లో ఒకదాని కథ వింటే కళ్లు చెమరుస్తాయి. మిస్సోరీ పెట్వే అనే ఆమె 1942లో చనిపోయిన భర్త పని బట్టలతోనే బొంత కుట్టుకుంది. ఆయన్ని తలచుకుంటూ దాన్నే కప్పుకుందామని! కూతురు అర్లోంజియా సాయం చేసింది. ఇప్పుడా బొంత వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది.

పడవ ఆగింది... సూది ఆగలేదు

అరవైల్లో నల్లజాతివాళ్లు ఓటు హక్కు కోసం నది దాటి క్యామ్డెన్ పట్టణానికి వెళ్లడం మొదలుపెట్టారు. 1962లో పడవ ఆపేశారు! నిమిషాల ప్రయాణం కాస్తా అరవై కిలోమీటర్లకి పైగా చుట్టుదారి అయింది. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా ఈ ఊరొచ్చి ధైర్యం చెప్పారు.

ఆ ఏడాది చివర్లో అటుగా వెళ్తున్న ఫ్రాన్సిస్ వాల్టర్ అనే ఫాదర్ కళ్లు దండెం మీద ఆరేసిన బొంతల మీద పడ్డాయి. పది డాలర్లకొకటి చొప్పున కొని న్యూయార్క్‌లో వేలం వేయించారు. 1966లో చుట్టుపక్కల ఊళ్ల మహిళలు కలిసి 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఎస్టెల్ విథర్‌స్పూన్ రెండు దశాబ్దాలకి పైగా దాన్ని నడిపించారు. ఓటు అడిగినందుకు ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలకి సంఘం భూమిలోనే చోటిచ్చారు. 1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ దిండు గలీబులకి ఆర్డరిచ్చింది. మిగిలిన ముక్కలు ఇళ్లకి చేరి... మరిన్ని అందమైన బొంతలయ్యాయి! ఆ సంఘం 2012లో మూతపడింది.

ఈలోగా పేరు ఖండాలు దాటింది. 2002లో హ్యూస్టన్‌లో, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శనలు జరిగాయి. 2006లో తపాలాశాఖ పది బొంతలతో బిళ్లలు విడుదల చేసింది. 2015లో మేరీ లీ బెండాల్ఫ్, లూసీ మింగో, లోరెట్టా పెట్వేలకి జాతీయస్థాయి హెరిటేజ్ ఫెలోషిప్ దక్కింది. 2021 నుంచి కొందరు ఇంటర్నెట్‌లో సొంతంగా అమ్ముకుంటున్నారు.

వెళ్లి చూడాలంటే...

నలభై నాలుగేళ్ల తర్వాత, 2006లో పడవ మళ్లీ వచ్చింది. మన గోదావరి రేవుల్లో పంటులాగే కార్లనీ మనుషులనీ కలిపి దాటిస్తుంది. 2019 నుంచి అది కరెంటుతో నడుస్తోంది. ఊళ్లో రోడ్డు పక్కన బొంతల బొమ్మలున్న పెద్ద బోర్డులు దారి చూపిస్తాయి. 2022లో మొదలైన అక్టోబరు పండగకి వెళ్తే, ఒకప్పటిలా బొంతలన్నీ ఆరుబయట ఆరేసి కనిపిస్తాయి. కుట్టినవాళ్లే పక్కన నిలబడి కబుర్లు చెబుతారు.

అంతదూరం వెళ్లలేమంటారా? అటక మీద అమ్మమ్మ కుట్టిన పాత బొంత ఉంటే ఈ ఆదివారం కిందికి దించండి. ఏ ముక్క ఎవరి చీరదో, పక్కన కూర్చుని కుట్టిందెవరో అడిగి చూడండి. సాయంత్రం దాకా చెబుతూనే ఉంటుంది!