పాత కుట్టు పాతగానే ఉండాలి
అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, లింకన్ నగరంలో అంతర్జాతీయ క్విల్ట్ (బొంత) మ్యూజియం ఉంది. రాబర్ట్, ఆర్డిస్ జేమ్స్ దంపతులు 1997లో తమ సేకరణను అక్కడి విశ్వవిద్యాలయానికి ఇవ్వడంతో ఈ సంస్థ మొదలైంది. అది చూశాక, అదే ఊళ్లో పాత బొంతలు బాగుచేసే ఒకావిడ పనిగదికి వెళ్లాను.

బల్ల మీద 1930ల నాటి బొంత పైపొర పరిచి ఉంది. అన్నీ ఆరు పలకల ముక్కలే. నడుమ పసుపు ముక్క ఒకటి, దాని చుట్టూ 6, వాటి చుట్టూ 12. ఇలా 19 ముక్కలకు ఒక పువ్వు. పువ్వుకూ పువ్వుకూ మధ్య తెల్లముక్కల బాట. ఈ నమూనాను అక్కడ ‘బామ్మ పూలతోట’ అంటారు. ఆరు పలకల అతుకుపని 1835లోనే ‘గోడీస్ లేడీస్ బుక్’ పత్రికలో అచ్చయింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో పిండి, దాణా నింపి అమ్మిన పూల అచ్చు సంచులను కూడా ఆడవాళ్లు ఇలా కత్తిరించి కుట్టుకున్నారు. ఈ పైపొర మాత్రం దూదీ అడుగుగుడ్డా లేకుండా ఆగిపోయింది.

“ముందు ఉతకాలనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకూడదు” అన్నారావిడ. వెనకవైపు అంచులన్నీ విడిగా ఉన్నాయి. నీళ్లలో పడితే పోగులు ఊడి చిక్కుపడతాయి. ఎరుపు రంగు దిగితే తెల్లముక్కలు పాడవుతాయి.

పైపొరను తిరగేసి, వెలుతురుకు ఎదురుగా పట్టి, విడిపోయిన కుట్లన్నీ వెతికారు. వాటిని సన్నటి నూలుదారంతోనే కలిపారు. బట్టకన్నా దారం బలంగా ఉంటే గుంజినప్పుడు తెగేది బట్టే. చిరిగిన ముక్కను ఆవిడ ఊడదీయరు. అదే కాలపు బట్టను కాగితపు అచ్చు మీద మడిచి, కచ్చా కుట్టు వేసి, ఇస్త్రీ చేసి, కాగితం తీసేసి, చిరుగు మీద పరిచి సన్నగా హెమ్మింగ్ చేస్తారు. మొదటి గుడ్డ కిందే భద్రంగా ఉంటుంది.

ఇక అంచు. సూటిగా కత్తిరిస్తే పని తేలిక, కానీ చివరి వరస పూలు సగానికి తెగిపోతాయి. అందుకే వంపు వంపునా పైగుడ్డనూ అడుగుగుడ్డనూ లోపలికి మడిచి కలుపుతారు. అంతకుముందే మధ్యలో పలచటి దూదిపొర వేసి, ప్రతి ముక్క లోపలా దాని ఆకారంలోనే చేత్తో కుడతారు. చివర వెనకవైపు ఒక గుడ్డచీటీ: ఎవరు, ఎప్పుడు, ఏ ముక్కలు బాగుచేశారో అందులో ఉంటుంది. మొదట కుట్టినామె పేరు తెలియదని కూడా రాస్తారు.

బాగుచేయడమంటే కొత్తదిగా మార్చడం కాదని నాకు అక్కడ స్పష్టమైంది. మన ఇళ్లలో పాతచీరలతో కుట్టిన బొంతలకూ ఇదే మర్యాద దక్కాలి. చిరుగు మీద ముక్క వేయండి, కింది పొరను ఊడదీయకండి. కుట్టిన అమ్మమ్మ పేరు తెలిసినవాళ్లు ఉండగానే దాన్ని రాసిపెట్టండి.