తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?



కొన్ని వారాలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. ఆరోగ్యం బాగోలేదా అని కొందరు ఫోన్ చేసి అడిగారు. ఆరోగ్యం బాగానే ఉంది. మా సంఘానికి సొంతంగా ఒక సోషల్ మీడియా నడుపుకుందామని మొదలుపెట్టి అందులో ఇరుక్కుపోయాను. ఆ సంగతే ఈ వారం మీతో చెప్పుకుంటాను.

నిరుడు ఒక పెద్ద కంపెనీ సైటులో ఉన్న మా సంఘం పేజీ రాత్రికి రాత్రే మాయమైంది. ఆరేళ్ల ఫోటోలు అందులోనే ఉన్నాయి. బాప్తిస్మాలు, కోత పండుగలు, నిద్రించిన పెద్దల చివరి ఫోటోలు. ఏ నియమం మీరామో చెప్పలేదు. ఫిర్యాదు పెడితే యంత్రం జవాబిచ్చింది. పక్కూరి కాపరి "పోనీలే అన్నా, ఇంకోటి తెరువు" అన్నాడు గానీ నాకు మనసొప్పలేదు.

అప్పుడు మా సంఘపెద్ద గారి కొడుకు వచ్చాడు. ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రవాడు. "అయ్యగారూ, మాస్టోడాన్ అని ఒకటుంది. దానికి యజమాని ఉండడు" అన్నాడు.

"యజమాని లేని ఇల్లు ఎన్నాళ్లు నిలబడుతుందిరా?" అన్నాను.

"ఒక ఇల్లు కాదయ్యగారూ, చాలా ఇళ్లు. మీ జీమెయిల్ నుండి యాహూ వాళ్లకు ఉత్తరం పోవడం లేదా? అలాగే."

మాస్టోడాన్‌ను జర్మనీలో ఉండే యూజెన్ రోచ్కో అనే యువకుడు 2016లో బయటికి తెచ్చాడు. ఎవరైనా ఆ ప్రోగ్రామును ఉచితంగా తీసుకుని సొంత సర్వర్ నడుపుకోవచ్చు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ దాన్ని 2018 జనవరిలో ఆమోదించింది.

బాప్టిస్టువాణ్ణి గనుక నాకు ఇది ఇట్టే పట్టింది. మాకు పైన బిషప్పు లేడు. ప్రతి సంఘం తన కాపరిని తానే పిలుచుకుంటుంది, తన లెక్కలు తానే చూసుకుంటుంది. అయినా సంఘాలన్నీ కలిసి కూడుకుంటాం. కొలొస్సయులకు రాసిన ఉత్తరాన్ని లవొదికయలో కూడా చదివించమని పౌలు చెప్పింది ఇలాంటి ఏర్పాటులోనే గదా అనుకున్నాను. కాస్త తొందరపడ్డానేమో.

నెలకు 900 రూపాయల అద్దెతో సర్వర్ మొదలైంది. మొదటి క్రిస్మస్ పోస్టుకు కువైట్‌లో పనిచేస్తున్న మా ఊరి చెల్లెలు జవాబు రాసింది. ఆమె ఖాతా వేరే దేశంలోని ఏదో సర్వర్‌లో ఉంది, మా దగ్గర చేరనే లేదు. అయినా ఆమె మాట మా గోడ మీద కనబడింది. ఆ రోజు నా సంతోషం చెప్పలేను.

తర్వాత కష్టాలు వచ్చాయి. సంఘంలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవారు 60 మందికి పైగా ఉంటే, చేరినవారు 11 మంది. "ఏ సర్వర్ అని అడుగుతోంది, ఏం నొక్కాలి?" అన్న దగ్గరే సగం మంది ఆగిపోయారు. మన దేశంలో ఇది కొత్త కూడా కాదు. 2019లో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసినప్పుడు, ఆ కోపంతో చాలామంది మాస్టోడాన్‌కు వచ్చారు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక అంతకంటే పెద్ద వలస. ఎంతోమంది కొన్నాళ్లకే వెనక్కి పోయారు. వారిని ఇప్పుడు నేను తప్పుపట్టను.

మూడో వారానికే డిస్కు నిండి, సరిగ్గా ఆదివారం ఉదయం సర్వర్ ఆగిపోయింది. మేము ఫాలో అయ్యేవారి బొమ్మలు, వీడియోలు కూడా మా సర్వర్‌లో నకలు పడతాయట. ఒక రాత్రి ఎవరో పరాయివాడు చేరి చూడకూడని బొమ్మలు పెట్టాడు. వాటిని తీసేయడానికి కంపెనీ మనుషులెవరూ లేరు. ఆ కుర్రవాడే లేచి తీశాడు.

ఇవన్నీ పనివల్ల వచ్చే అలసట. నా నిద్ర పాడుచేసింది వేరే ఉంది.

డిస్కు బాగుచేసిన మరుసటి వారం అతను నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "అయ్యగారూ, ఒక మాట. మనవాళ్లు ఒకరికొకరు ప్రైవేటుగా రాసుకునేవాటికి తాళం ఉండదు. డేటాబేసు తెరిస్తే నాకు కనిపిస్తాయి. నేను చూడలేదు. కానీ చూడగలను." తల దించుకుని చెప్పాడు. నేను ఇంకేమీ అడగలేదు.

ఆ సాయంత్రం మా ఇంటావిడతో చెబితే ఆమె ముఖం పాలిపోయింది. ఒక సహోదరి తన ఇంటి సంగతులు, ప్రార్థన కోసం, ఆమెకు అందులోనే రాస్తోందట. ఏమి రాసిందో ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

పెద్ద కంపెనీ మనుషులు కూడా చదవగలరేమో. కానీ వారికి మా ఊరు తెలియదు, ఆమె భర్త తెలియదు. మన వీధి కుర్రవాడు చదివితే రేపు చేతిపంపు దగ్గర ఆమె తలెత్తలేదు. అతను మంచివాడే. అయినా దూరపు యజమాని నుండి తప్పిస్తానని చెప్పి, ఆమెను నేను దగ్గరివాడి చేతిలో పెట్టాను. విశ్వాసి చెప్పుకున్న మాట బయటికి పొక్కకూడదని సెమినరీలో నేర్చుకున్నవాణ్ణి నేను.

ఆరాధన అయ్యాక ఆ 11 మందినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ సహోదరి అందరూ వెళ్లేదాకా ఆగి అడిగింది: "మీరు చూశారా అయ్యగారూ?"

"లేదమ్మా."

"మరి అతను?"

లేదన్నాడని చెప్పాను. ఆమె చాలాసేపు నన్నే చూసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

వచ్చే నెల ఆ కుర్రవాడు బెంగళూరు ఉద్యోగానికి పోతున్నాడు. సర్వర్ మూసేస్తున్నాం. ఇలా మూతపడటం మాకే కాదు. మాస్టోడాన్ డాట్ లాల్ అనే పెద్ద సర్వర్‌ను నడిపినాయన జనం పంపే ద్వేషానికి విసిగి, 2023 ఫిబ్రవరిలో మూసేస్తున్నానని ప్రకటించాడు. వేలమంది వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది. మాస్టోడాన్‌లో ఇల్లు మారితే మనల్ని అనుసరించేవారు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. అందుకే అన్నీ దింపి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. అది బాప్తిస్మాల రిజిస్టరు పక్కన బీరువాలో ఉంది. సర్వర్ పాస్‌వర్డు కాగితం మీద రాసి అతను నా చేతికిచ్చాడు. మూసే రోజు వరకు అది కవరులో, అంటించి ఉంది.

నలుగురు వేరే సర్వర్‌కు మారారు. కువైట్ చెల్లెలు వారికి జవాబులు రాస్తూనే ఉంది. ఆ సహోదరి మాత్రం దేనిలోనూ లేదు. బుధవారం సాయంత్రాలు వచ్చి మా ఇంటావిడతో వసారాలో కూర్చుంటోంది. అప్పుడు నేను మందిరంలోకి వెళ్లి లైట్లు, ఫ్యాన్లు చూసుకుంటాను.