బ్యాలీగాలీ కోటలో ఒక రాత్రి

సంస్థ కొనుగోలు చేస్తున్న యంత్రాల తనిఖీ నిమిత్తం ఆ మధ్య మేము ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరానికి వెళ్ళవలసి వచ్చింది. పని ముగిశాక రెండు రోజులు సెలవు పెట్టుకున్నాము. మా శ్రీమతి సొంత ఖర్చుతో వచ్చి మాతో కలిసింది. "మీకు విహారమన్నా వంతెనలూ, ఆనకట్టలే కదా!" అని ఆమె ముందే హెచ్చరించడంతో ఈసారి ఆమె కోరిన చోటికే బయలుదేరాము. అదే బ్యాలీగాలీ కోట. సముద్రతీరాన ఉన్న ఈ పురాతన దుర్గం నేడు హోటలుగా నడుస్తున్నది. అందులో దయ్యం తిరుగుతుందని ఆ ప్రాంతమంతటా ప్రతీతి. గది మొదలు విమానం టిక్కెట్ల వరకు అన్నీ మా రెండవ అమ్మాయే ఇంటి నుండి ఏర్పాటు చేసింది.

బెల్‌ఫాస్ట్ నుండి దూరం సుమారు 40 కిలోమీటర్లు. లార్న్ రేవు దాటిన కొద్దిసేపటికే "బ్లాక్ ఆర్చ్" అనే చిన్న రాతి సొరంగం వస్తుంది. అక్కడి నుండి రోడ్డు ఒక ప్రక్క అలలను, మరొక ప్రక్క కొండను ఒరుసుకుంటూ సాగుతుంది. తెల్లని సున్నపురాతిపై నల్లని బసాల్టు శిల పేర్చినట్లుంటుంది. ఒకప్పుడు ఇక్కడి లోయల ప్రజలు కొండలు దాటి పొరుగూళ్ళకు పోవడం కంటె పడవ మీద స్కాట్లండు చేరడమే సులువుగా ఉండేదట. విలియం బాల్డ్ అనే స్కాట్లండు ఇంజనీరు, కొండ మీదుగా ఎక్కి దిగే దారిని కాదని, కొండ అంచును మందుగుండుతో పేల్చి, కూలిన రాతినే పునాదిగా పరచి ఒడ్డు వెంట రోడ్డు వేయించాడు. 1832లో మొదలైన పని 1842 నాటికి పూర్తయింది. అడ్డుగా నిలిచిన రాయినే ఆధారంగా మలచిన ఆ నేర్పుకు మనసులోనే నమస్కరించాము. మా శ్రీమతి నవ్వి ఊరుకున్నది.

కోటను 1625లో జేమ్స్ షా అనే స్కాట్లండు దొర కట్టించాడు. గోడల మందం సుమారు 5 అడుగులు. తుపాకులు పేల్చడానికి వాటిలో సన్నని రంధ్రాలు. ఏటవాలుగా లేచిన పైకప్పు. మూలల్లో చిన్న బురుజులు. శత్రువులు చుట్టుముట్టినపుడు నీటికి లోటు రాకుండా కోటలోపలి నుండే వాగు పారేదట. 1641 తిరుగుబాటులో దాడులు జరిగినా ఈ కోట లొంగలేదు. 1950 దశకంలో ఇది హోటలుగా రూపుదిద్దుకున్నది. పాత బురుజు ద్వారంపై దైవానుగ్రహమే నా వారసత్వమన్న అర్థం వచ్చే వాక్యం చెక్కి ఉన్నది.

ఆ వాక్యం చదివి లోపలికి వెళ్ళిన మాకు వినిపించిన కథ మాత్రం వేరు. దొరకు కావలసిన వారసుడు కొడుకట. భార్య ఇసబెల్ ఆడపిల్లను కన్నదని ఆమెను బురుజు పైగదిలో బంధించి, అన్నం పెట్టక మాడ్చాడట. తప్పించుకోబోయి ఆమె కిటికీ నుండి పడి మరణించిందని కొందరు, తోసివేశారని కొందరు అంటారు. నాటి నుండి ఆమె రాత్రివేళ గదుల తలుపులు తట్టి మాయమవుతుందట! ఇది జనం చెప్పుకునే కథే కాని చరిత్ర కాదు.

ఆ గదిని బసకు ఇవ్వరు, ఎక్కి చూడవచ్చును. ఇరుకైన మెలికల మెట్లెక్కి చేరుకున్నాము. చిన్న గది, చిన్న కిటికీ. కిటికీలో సముద్రం, దూరాన మసకగా స్కాట్లండు తీరం. మేము గోడ మందాన్ని జానలతో కొలుస్తున్నాము. మా శ్రీమతి కిటికీ వద్ద చాలాసేపు నిలబడి, వెనుదిరగకుండానే అన్నది:

"పెద్దది పుట్టినప్పుడు ఆఫీసంతా మైసూరుపాకు పంచారు. చిన్నది పుట్టినప్పుడు పంచలేదు."

మేము బదులు పలకలేకపోయాము. నిజమే. అప్పట్లో పని ఒత్తిడి అని చెప్పుకున్నాము. ఆసుపత్రిలో బంధువులు "మళ్ళీ ఆడపిల్లా!" అన్నప్పుడు మేము ఒక్క మాటా అనలేదు. 24 సంవత్సరాలుగా ఆమె ఈ సంగతి ఎత్తలేదు, మేమూ తలచుకోలేదు.

ఆ రాత్రి 2 గంటల వేళ మా గది తలుపు టక టక మన్నది. గుండె ఝల్లుమన్నమాట దాచడమెందుకు? దీపం వేసి చూస్తే, తలుపు పిడికి మేము తగిలించిన గొడుగే తెరచి ఉంచిన కిటికీ గాలికి కొట్టుకుంటున్నది! గొడుగు తీశాము. చప్పుడు ఆగింది కాని నిద్ర రాలేదు. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుండి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుందని చదువుకున్నవారము. 1905లో పురుగులపై పరిశోధించి ఆ సూత్రాన్ని వెల్లడించిన నెట్టీ స్టీవెన్స్ కూడ ఒక స్త్రీయే. 1625 నాటి దొరకు అది తెలియదు. తెలిసిన మేము మాత్రం చేసినదేమిటి? తలుపుకు తాళం వేయలేదు, నిజమే. కాని ఆ తల్లి మనసులో ఒక గది ఇన్నేళ్ళూ మూసే ఉన్నది.

మరునాడు అదే తీరం వెంట ఉత్తరానికి వెళ్ళి జెయింట్స్ కాజ్‌వే చూశాము. లావా చల్లబడి బిగుసుకొని పగులగా ఏర్పడిన సుమారు 40,000 బసాల్టు స్తంభాలు, చాలా వరకు ఆరు పలకలవి, సముద్రంలోకి మెట్లుగా దిగుతాయి. దాని వైభవం వేరే వ్యాసానికి తగినది. దారిలో బ్యాలీకాజిల్ అనే ఊరిలో "ఎల్లో మ్యాన్" అనే పసుపుపచ్చని మిఠాయి కనిపించింది. మన పాకపు మిఠాయికి దగ్గరి చుట్టం, కొరికితే కరకరలాడుతుంది. మా శ్రీమతి ధర అడుగుతుండగానే మేము నాలుగు పెద్ద పొట్లాలు కట్టించాము. ఎవరికని ఆమె అడగలేదు.

తిరిగి విధుల్లో చేరిన రోజున మా డిపార్టుమెంటులో ప్రతి బల్ల వద్దకూ మేమే స్వయంగా వెళ్ళి పంచాము. "విశేషమేమిటి సార్?" అని అందరూ అడిగారు.

"మాకు రెండవ అమ్మాయి పుట్టింది" అన్నాము. "24 ఏళ్ళ క్రితం."