సముద్రపు ఒడ్డున నీడ

2013లో మేము ఎనిమిదో తరగతి. విజయనగరం జిల్లాలోని మన హాస్టల్ నుంచి విహారయాత్రకు విశాఖ వెళ్లాం. కురుసుర సబ్‌మెరైన్ చూసి, పులిహోర పొట్లాలతో వుడా పార్కుకు చేరాం. టిక్కెట్లు వార్డెన్ గారే కొన్నారు. అక్కడ మేం కూర్చున్న మండపం పెచ్చులూడి ఉన్నా చుట్టూ చెట్లు, చల్లని సముద్రపు గాలి. మాలో సగంమంది సముద్రాన్ని చూడడం అదే మొదలు. జేబులో ఐదు రూపాయలు లేని వాళ్లం. అయినా సాయంత్రం దాకా మమ్మల్ని లేవమన్నవారు లేరు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మన హాస్టల్ రేకులు లేచిపోయాయి, ముంగిట్లో వేపచెట్టు కూలింది. పార్కులో చెట్లూ పడిపోయాయని తెలిసి, అవీ మనవే అన్నట్టు బాధపడ్డాం.

ఆ పార్కును ప్రపంచబ్యాంకు నిధులతో బాగుచేసి 2021 డిసెంబరులో మళ్లీ తెరిచారు. మరుసటి ఏడాది మా బ్యాచ్ వాళ్లం హాస్టల్ తమ్ముళ్లను తీసుకెళ్లాం. కొత్త దారులు, దీపాలు ముచ్చటగా ఉన్నాయి. కానీ పొట్లాలు విప్పుకోవడానికి నీడ కోసం చాలాసేపు తిరిగాం. కొత్త మొక్కలు ఇంకా మా నడుము దాకే. “అన్నా, ఇక్కడ కూర్చుంటే ఏమైనా అంటారా?” అని ఒక తమ్ముడు అడిగాడు. ఆ వయసులో మాకు రాని ప్రశ్న అది.

గోడలు ఏడాదిలో లేస్తాయి, నీడకు పదేళ్లు పడుతుంది. ఏ తోటను బాగుచేసినా ముందు చెట్టు నాటాలి, డబ్బులేని వాళ్లు కూర్చునే చోటు ఉంచాలి. తుపాను తర్వాత మన ముంగిట్లో మేం నాటిన వేప ఇప్పుడు నీడనిస్తోంది. తమ్ముళ్లూ, దాని పక్కన ఇంకొకటి నాటండి.